మైదాకు పాట పాడినామె

మా వాడలో పాట రికార్డు చేయాలంటే కరెంటు పోవాలి. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచా అంటారు. వాడలో ఇంటింటికీ సాంచాలే. పొద్దున మోటర్లు వేశారంటే పక్కనున్న మనిషితో కూడా అరిచే మాట్లాడాలి. కరీంనగర్ నుంచి బస్సులో గంట ప్రయాణం ఈ ఊరు. పెండ్లయి వచ్చిన కొత్తలో నాకు నెల రోజులు తలనొప్పి తగ్గలేదు. లక్సెట్టిపేటలో మా అవ్వగారింట్లో, అంటే పుట్టింట్లో, బస్సు హారన్ కొడితేనే పెద్ద చప్పుడు. ఇక్కడ గోడకు అవతల మా ఆయన నాలుగు సాంచాలు నడుపుతుంటే, ఇవతల నేను కూచొని దారం కండెలు చుట్టేదాన్ని. చేతులకు పని ఉండేది, నోటికి ఉండేది కాదు. ఊరికే ఉండే నోరు కాదు నాది, ఆ సంగతి వాడలో ఎవరిని అడిగినా చెబుతారు. తిట్టడానికి ఎవరూ దొరకనప్పుడు పాట కట్టేదాన్ని.

మా ఆయనకు అదో నవ్వులాట. "నీ పాట నాకేం ఇనవడ్తది. మూతి కదులుడు ఒక్కటే కనవడ్తది. పాడుతున్నవో నన్ను తిడుతున్నవో తెల్వక పరేషాన్ అయితుంది" అనేవాడు. కొన్నిసార్లు రెండూ ఒకేసారి చేసేదాన్ని. ఆ మాట అతనికి ఇప్పటికీ చెప్పలేదు.

పాటలంటే పెద్ద పెద్ద సంగతులేమీ కావు. పెద్దపల్లి బస్సులో కిటికీ సీటు కోసం కొట్లాడుకున్న ఇద్దరు వియ్యపురాండ్ల మీద ఒకటి. మంథని నుంచి వచ్చిన మా మేనత్త సాంచాల చప్పుడుకు చెవుల్లో దూది పెట్టుకొని, మూడు రోజులు మాకు సైగలతోనే పని చెప్పి పోయిన ముచ్చట మీద ఒకటి. మైదాకు, అదే గోరింటాకు, మీద ఒకటి. కండెలు చుట్టే ఆడదాని చేతికి మైదాకు ఎంత ఎర్రగా పండినా రెండు రోజులు నిలవదు, దారం రాపిడికి పోతుంది. దాని మీద కట్టాను. "కండె సుట్టిన చేతి మీద మైదాకు నిలువదాయె, దారమెంబడి రంగు పాయె, ఎవ్వరి చీరెకెక్కెనో" అని మొదలవుతుంది. అది కట్టిన రోజు నాకే నేను మెచ్చుకున్నాను. మెచ్చుకునేవాళ్లు ఇంకెవరూ లేరు మరి.

ఆ పాట మొదట విన్నది భాయి. మా వాడ చివర అతని మైక్‌సెట్ దుకాణం ఉంది, వాళ్ల నాన్న కాలం నుంచి ఉంది. పీర్ల పండుగకైనా, పెండ్లికైనా, దినాలకైనా వాళ్ల మైకే. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడతాడు. నన్ను చెల్లె అంటాడు, నేను భాయి అంటాను. ఎక్కడో మూతపడిన స్టూడియో వాళ్ల దగ్గర ఒక మంచి మైకు, లాప్‌టాప్ కొని దుకాణం వెనక గదిలో పెట్టుకున్నాడు. గోడల నిండా పాత బొంతలు కొట్టాడు. బొంతలు కొట్టినా సాంచాల రొద గోడల్లోంచే వచ్చేది. అందుకే కరెంటు పోయినప్పుడే రికార్డింగు. పోయిన మరుక్షణం భాయి ఫోన్: "చెల్లె, పోయింది." నేను కండెలు అక్కడే పడేసి ఉరికేదాన్ని. లాప్‌టాప్ బ్యాటరీ అరగంట ఆగేది. ఆ అరగంటలో పాట అయితే అయినట్టు, లేకుంటే లేదు. వాడంతా కరెంటు రావాలని మొక్కుతుంటే నేనొక్కదాన్నే రావద్దని మొక్కేదాన్ని. మా ఆయనతో సహా పనాగిపోయి అరుగుల మీద కూచున్న వాళ్లందరూ నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని ఉరకడం చూసి నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

సైటు సంగతి చెప్పింది కూడా భాయే. సొంతంగా పాటలు కట్టుకునేవాళ్ల కోసం పెట్టిన సైటట. సినిమా పాటలు ఉండవు, కంపెనీ పాటలు ఉండవు, ఎవరి పాట వాళ్లు పెట్టుకోవచ్చు, లోకంలో ఎవరైనా వినొచ్చు. వాళ్లు కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మీటింగు పెడితే ఇద్దరం పోయాం. స్టేజీ మీద ఒకాయన మాట్లాడాడు. మా దిక్కు పాటగాళ్లందరినీ ఇక నుంచి అతనే చూసుకుంటాడన్నారు. కరీంనగర్ మనిషే, నాకంటే నాలుగైదేళ్లు చిన్న, డోలక్ వాయిస్తాడు, తనూ పాడతాడు. "కంపెనీలు మన పాటలు తీసుకొని మన పేర్లు తీసేసినయ్. గీడ గట్ల కాదు. మీ పాట మీదే. ఎప్పటికీ మీదే" అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. చేతులు మండేదాకా కొట్టాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

వారం తిరగకముందే మా ఇంటికి వచ్చాడు. సాంచాల మధ్య మా ఆయనతో నిలబడి అరిచి అరిచి మాట్లాడాడు, కండెల గంప పక్కకు జరిపి కింద కూచొని జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాడు. రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడు. "అక్కా, నీ గొంతు గిన్ని దినాలు గీ చప్పుడుల ఎట్ల దాగింది?" అన్నాడు. ఇంక నేను ఆగుతానా? తమ్ముడన్నాను. ఆ ఏడు రాఖీ కూడా కట్టాను.

సైటులో నా పేరు మీద ఖాతా తెరిచింది అతనే.

"మెయిల్ ఐడీ ఉన్నదా అక్కా?"

"గదేంది?"

"ఏం ఫికర్ లేదు, నాదే పెడ్తా. ఓటీపీలు గీటీపీలు నీకెందుకు, నా నంబరుకే వస్తయ్."

భాయి పక్కనే ఉన్నాడు. "చెల్లె, జర నీ నంబర్ పెట్టుకో. మెయిల్ నేను చేసిస్త" అన్నాడు మెల్లగా. నాకు ఒళ్లు మండింది. వచ్చిన మనిషి ముందు అట్లాంటి మాట అంటారా? మా దగ్గర ఒక లెక్క ఉంది. ఇంట్లో కూచొని అన్నం తిన్న మనిషిని అనుమానించడం అంటే పెట్టిన అన్నాన్ని వెనక్కి అడిగినట్టే. "తమ్ముని దగ్గర తాళంచెవి ఉంటే ఏమయితది భాయి" అన్నాను గట్టిగా, అతనికి వినపడేట్టుగానే. నేనొక్కదాన్నే కాదు, హుజూరాబాద్‌లో డప్పు కొట్టే అన్నలు, ఆదిలాబాద్ దిక్కు పత్తి చేన్లలో పాడే ఆడవాళ్లు, మా అందరి ఖాతాలూ అతని మెయిల్ మీదే, అతని నంబరు మీదే. అందరి ఇండ్లలోనూ తిన్నాడు మరి.

నాలుగేండ్లలో నలభై ఒక్క పాటలు పెట్టాం. లక్షల మంది విన్నారని చెప్పను, వినలేదు. కానీ పాట కింద ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసేవాళ్లు. ఆదిలాబాద్ నుంచి ఒకామె రాసేది. అక్కా అనకుండా మరాఠీలో తాయీ అనేది. "తాయీ, నీ మైదాకు పాట పెట్టుకొని పత్తి ఏరుతున్నం" అని రాసిన రోజు నేను అన్నం వండకుండా ఆ ముక్కే పదిసార్లు చదువుకున్నాను. మా ఆయన వచ్చి గిన్నెలు తెరిచి చూసి "తాయీ, మాకు కూడ జర ఏమన్న పెట్టుండ్రి" అన్నాడు.

ఇప్పుడు మేం చేసిన తప్పు చెప్పాలి, దాచి లాభం లేదు. భాయి లాప్‌టాప్‌లో జాగా లేక పాటలన్నీ ఒక హార్డ్ డిస్కులో వేసి నాకిచ్చాడు. అరచేతిలో పట్టే నల్ల డబ్బా. అది నా పనిముట్టు. దసరా నాడు మా ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేస్తాం. సాంచాలు కడిగి పసుపు కుంకుమ పెట్టి, కత్తెర, నాడెలు, పానాలు, నా కండెల రాట్నం అన్నీ వరుసగా పెట్టాం. నా హార్డ్ డిస్కు ఊరుకుంటుందా? దాన్నీ పీట మీద పెట్టాను. తడి పసుపు మూడు వేళ్లతో నిండుగా రాశాను, వైరు పెట్టే కన్నం దగ్గర కుంకుమ బొట్టు అద్దాను. మా ఆయన కొబ్బరికాయ కొట్టి "నీ పాటలకు గూడ దేవుని దయ ఉండాలె" అని నీళ్లు సగం సాంచాల మీద, సగం నా డబ్బా మీద పోశాడు. ప్రేమతోనే పోశాడు. నేను కండ్లు మూసుకొని దండం పెట్టుకున్నాను.

నాలుగు రోజులకు భాయి దాన్ని లాప్‌టాప్‌కు పెడితే చప్పుడు లేదు. స్క్రూలు విప్పి చూసి తల పట్టుకున్నాడు. "చెల్లె, మిషన్‌కు స్నానం పోసిండ్రా మీరు?" అన్నాడు. నాకు ఏడుపు, అతనికి నవ్వు. హైదరాబాద్ పంపినా వస్తుందో రాదో అన్నాడు. తర్వాత నా ముఖం చూసి "పాటలన్ని సైటుల ఉన్నయ్ గద, ఎందుకు ఏడుస్తవ్" అన్నాడు. నేను అక్కడి నుంచే కరీంనగర్ తమ్ముడికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అతను పడీ పడీ నవ్వాడు. "కొబ్బరి నీళ్లు పోసుడేంది అక్కా" అని నవ్వి, నవ్వి, "ఏం గాదు. అన్ని పైన పదిలంగ ఉన్నయ్. నేనున్న గద" అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం కుదుటపడింది. ఇంకెక్కడా నా పాటలు లేవని ఆ రోజు నుంచి అతనికి తెలుసు. ఇది గుర్తుంచుకోండి.

మరుసటి ఏడు నా గొంతులో గడ్డ అన్నారు. కరీంనగర్‌లో ఆపరేషన్ చేశారు. గొంతు మారొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, నేను సంతకం పెట్టే వెళ్లాను, కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి లేదు. గడ్డ పోయింది, ప్రాణం నిలిచింది. గొంతు మాత్రం వెనక్కి రాలేదు. మాట వస్తుంది, కానీ గాలి కలిసిన మాట. పై స్థాయికి పోదామంటే అక్కడ ఏమీ ఉండదు, మెట్టు లేని చోట కాలు పెట్టినట్టు ఉంటుంది. ఆరు నెలలు చూశాను, ఏడాది చూశాను. భాయి ప్రతిసారీ "మెల్లగ వస్తది చెల్లె" అనేవాడు. కరెంటు పోయినప్పుడు ఫోన్ చేయడం మాత్రం మానేశాడు. అది నేను గమనించాను.

ఆపరేషన్ తర్వాత తమ్ముడు ఇంటికి వచ్చాడు. దానిమ్మపండ్లు తెచ్చాడు. నా మాట విని కండ్ల నీళ్లు పెట్టుకున్నాడు. అవి దొంగ కన్నీళ్లని నేను ఇప్పుడు కూడా అనలేను, అదే నా బాధ.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు పట్టింది. మధ్యాహ్నం కండెలు అయిపోయాక చాయ్ పెట్టుకొని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో గట్టిగా కుక్కుకొని, సైటు తెరిచి నా పాటలు నేనే వినేదాన్ని. పిచ్చిదాన్ని అనుకున్నా సరే. పోయిన గొంతును రోజూ ఒకసారి పలకరించి వచ్చేదాన్ని. ఇట్ల పాడిన మనిషిని నేనే కదా అనుకుంటే ఆ పూట గడిచేది. పాడలేనన్న దిగులు ఉండేది గానీ, పాడలేదన్న దిగులు లేదు. నలభై ఒక్కసార్లు పాడాను, అక్కడ ఉంది, చూసుకోండి అన్న ధైర్యం అది.

ఒక మధ్యాహ్నం తెరిస్తే పాటలు లేవు. తెల్లటి పేజీ మీద నాలుగు వరుసల ఇంగ్లీషు. నెట్ సరిగా లేదనుకొని మేడ మీదికి పోయాను, కిందికి వచ్చాను, ఫోను ఆపి మళ్లీ పెట్టాను. చాయ్ చల్లారిపోయింది. ఫోను పట్టుకొని భాయి దుకాణానికి పోయాను. అతను చదివి ఫోను నా చేతిలో పెట్టాడు.

"బంద్ అయింది చెల్లె."

"ఎన్ని దినాలు?"

"దినాలు కాదు. ఖతం. తీసేసిండ్రు."

ఐదు నెలల కిందే పాటగాళ్లందరికీ మెయిల్ పంపారట. కావలసినవాళ్లు తమ పాటలు దించుకున్నారట. మిగిలినవన్నీ చెరిపేశారట. ఇన్నాళ్లు తమతో నడిచినందుకు ధన్యవాదాలట. ధన్యవాదాలు ఎవడికి కావాలి? ఇల్లు కూలగొట్టేవాడు కూడా తలుపు కొట్టి లోపల ఎవరన్నా ఉన్నారా అని అడుగుతాడు. వీళ్లు అడిగారట, ఒక్క మెయిల్‌తో. ఆ మెయిల్ ఎవరికి పోయిందో నాకు తట్టేలోపే భాయి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. రెండోసారి కట్ చేశాడు. మీటింగులో ఉన్నానక్కా అని మెసేజ్ వచ్చింది. మరునాడూ మీటింగే, ఆ మరునాడూ మీటింగే. ఈలోపు భాయి తన దగ్గరున్న పాత ఫోన్లు, పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు అన్నీ కుప్ప పోసి వెతికాడు. మేం ఎవరికైనా పాట పంపాలంటే సైటు లింకే పంపేవాళ్లం, పాట పంపింది లేదు. అంతా వెతికితే ఒక కార్డులో నా దగ్గు దొరికింది. పాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకుంటూ దగ్గిన దగ్గు. దాని తర్వాత ఏమీ లేదు.

పదో రోజు భాయిని వెంటబెట్టుకొని కరీంనగర్ బస్సెక్కాను. అతను అప్పటికే ఇంకో కంపెనీలో చేరాడు. ఫోన్ల దుకాణం పైన ఆఫీసు, మెట్లు ఎక్కి పోతే కొత్త కుర్చీలో కూచొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "అరె అక్కా, చెప్తే నేనే వద్దును గద. చాయ్ తెప్పిస్త కూసో" అన్నాడు.

"చాయ్ తాగనీకి రాలే. మెయిల్ వచ్చిందా, రాలేదా?"

"వచ్చిందక్కా."

"ఎప్పుడు?"

"ఎండకాలంల."

"ఎండకాలంల వస్తే దసరా దాక నోట్లె ఏం బెట్టుకున్నవ్?"

చేతులు నలుపుకున్నాడు. అంత మందికి ఫోన్లు చేయడం ఒక్కడితో అయ్యే పనా అన్నాడు. సైటువాళ్లు కూడా చప్పుడు చేయకుండా కానివ్వమన్నారన్నాడు. "అందరొక్కసారి లొల్లి చేస్తే గీ కొత్త కొలువు నాకు రాకపోతుండె అక్కా. నాకు గూడ పిల్లలున్నరు" అన్నాడు. పిల్లలు ఎవరికి లేరు?

"అందరి సంగతి ఇడిసిపెట్టు. నా డిస్కు ఖరాబైన సంగతి నీకు ఎరుకే. నా గొంతు పోయిన సంగతి నీకు ఎరుకే, పండ్లు పట్టుకొని వచ్చినవ్. నాకొక్కదానికన్న చెప్పాలె గదరా. ఒక్క ఫోన్."

అతను తల ఎత్తలేదు. "మర్చిపోయిన అక్కా" అన్నాడు.

ఆ మాటకు నేనేం చేయాలో ఇప్పటికీ నాకు తెలియదు. మోసం చేశానంటే చెంప పగలగొట్టేదాన్ని, అంత కోపంతోనే మెట్లెక్కాను. మర్చిపోయానంటున్నాడు. నా ఇంట్లో రెండోసారి కూర వేయించుకున్న మనిషి, నా చేత రాఖీ కట్టించుకున్న మనిషి, నా బతుకులో ఉన్న ఒకే ఒక్క గొప్ప సంగతిని దుకాణంలో గొడుగు మర్చిపోయినట్టు మర్చిపోయాడు. అతను చూపించిన కుర్చీలోనే కూచున్నాను.

భాయి అడిగాడు అప్పుడు. "ఏమన్న తీసి పెట్టినవా నువ్వు?"

"ఎక్కువ మంది విన్నయి కొన్ని తీసి పెట్టిన. కంపెనీకి చూపియ్యనీకి."

"అండ్ల చెల్లెయి ఉన్నయా?"

"లేవు భాయి. అక్కయి తక్కువ మంది విన్నరు గద." నా వైపు చూడకుండా అన్నాడు. నేను నమ్మాను. నమ్మడమే కాదు, సిగ్గుపడ్డాను. దించుకునేంత బాగా లేవు కాబోలు నా పాటలు అనుకుంటూ మెట్లు దిగాను. తిరుగు బస్సులో భాయి నా పక్కన కూచొని గంటసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రోజు నీ నంబరు పెట్టుకో అన్నాను కదా అని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు తిట్టి తేలికపడేదాన్ని.

తర్వాత చాలా రోజులు సాంచాల చప్పుడు ఆగినా నాకు ఇష్టంగా ఉండేది కాదు. ఇంట్లో ఎవరైనా పాట ఊసెత్తితే మా ఆయనే మాట మార్చేవాడు. దసరా నాడు కొబ్బరికాయ నీళ్లు పోసింది తనేనని అతని బాధ అతనికి ఉంది. నీ తప్పేం లేదయ్యా అని చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అతను ఇంకా చిన్నబోయేవాడు.

మొన్న ఎండాకాలం లక్సెట్టిపేట పోయాను. మా అవ్వగారి ఇంటి పక్కవాళ్ల అమ్మాయి పెండ్లి. పెండ్లికి ముందు రోజు మధ్యాహ్నం మైదాకు ఫంక్షన్ పెట్టారు. పెండ్లికూతురి కాలేజీ దోస్తులు పది పన్నెండు మంది వచ్చారు. టెంటు కింద పెద్ద స్పీకర్లు, ఫోన్లోంచి పాటలు, ఒకరి చేతికి ఒకరు మైదాకు పెట్టుకుంటూ ఊగుతున్నారు. నేను వంటల దగ్గర ఉల్లిగడ్డలు కోస్తూ కూచున్నాను. పాట మారింది. "కండె సుట్టిన చేతి మీద" అని ఒక ఆడగొంతు ఎత్తుకుంది.

కత్తి పక్కన పెట్టాను. నా గొంతు. పై స్థాయికి పోయి అక్కడ నిలబడి, కిందికి రావడానికి తొందర లేని నా గొంతు. కింద డోలక్ కొత్తగా కలిపారు, మిగిలిందంతా నాదే. టెంటు నిండా ఆడపిల్లలు దానికి గొంతు కలిపి పాడుతున్నారు, ఒక్కరికి కూడా ఒక్క మాట తప్పు పోవడం లేదు. నాకు ముందు సంతోషమే కలిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. లేచి ఉరికాను. ఉల్లిగడ్డ చేతులతోనే ఒక అమ్మాయి భుజం పట్టుకొని "గిది నా పాట. నేనే పాడిన" అన్నాను.

ఆ అమ్మాయి మంచి పిల్ల. నవ్వి ఫోను నా ముందు పెట్టింది. చేతుల నిండా మైదాకు పెట్టుకున్న ఒక అందమైన మోడల్ పిల్ల ఫొటో. కింద ఒక ఆడమనిషి పేరు. నా పేరు కాదు, నేనెన్నడూ వినని పేరు. పాట రాసింది, ట్యూన్ కట్టింది, పాడింది అన్నీ ఆమేనట. కింద చానల్ పేరు పక్కన చిన్న గుండ్రంలో నా తమ్ముడి ముఖం ఉంది.

నా ఫోన్ అతను ఎత్తడని తెలుసు. పెండ్లికూతురి తల్లి ఫోన్ అడిగి తీసుకొని, టెంటు బయటికి వచ్చి చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"హలో, ఎవరండీ?"

"మైదాకు పాట పాడినామెను."

"అక్కా" అన్నాడు.

"నాయి ఏం తియ్యలేదన్నవ్."

"గదొక్కటే అక్కా. గదొక్కటే మస్తు మంది విన్నరు."

"గీ పేరెవలిది? ఎవతె ఆమె?"

"ఎవ్వలు లేరక్కా. ఊకె ఓ పేరు పెట్టిన. గా పేరుతోని మనిషే లేదు."

"నా పేరుకేమైందిరా?"

"నీ పేరు పెడితే నీకు తెల్సిపోతుండె గద" అన్నాడు. నెమ్మదిగా, బుద్ధిమంతుడిలాగా అన్నాడు. తర్వాత "పాటయితే బతికింది గద అక్కా" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. మర్చిపోయిన మనిషి ఇంత జాగ్రత్తగా పేరు మార్చడు. ఇన్నేండ్లు నేను తమ్ముడన్న మనిషికి నేను ఎంత గుర్తున్నానో నాకు అప్పుడు తెలిసింది.

టెంటులోకి వచ్చేసరికి పిల్లలు నా కోసమే చూస్తున్నారు. వాళ్లకు నేనొక తమాషా అయ్యాను. "ఆంటీ, మీదే అన్నరు గద, జర పాడుండ్రి" అన్నారు. వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగారు. స్పీకర్ ఆపారు. అందరూ చేతులు గాలిలో పెట్టుకొని, తడి మైదాకు అంటకుండా, చుట్టూ చేరారు. ఆ దిక్కుమాలిన పేరు మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, గొంతు సంగతే మర్చిపోయాను. పాడాను. మొదటి వరుస ఎట్లానో గడిచింది. రెండో వరుసలో పైకి పోవాల్సిన చోట గాలి వచ్చింది, పాట రాలేదు. మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ గాలే. నా పాటలో ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ అక్షరం మీద ఎంతసేపు ఆగాలో నాకు తెలిసినంత ఆ టెంటులో ఇంకెవరికీ తెలియదు. అదంతా నా కడుపులోనే ఉండిపోయింది. మధ్యలో ఆపేశాను.

పిల్లలు చప్పట్లు కొట్టలేదు, చేతులకు మైదాకు ఉంది కదా. నేను భుజం పట్టుకున్న ఆ అమ్మాయే నా దగ్గరికి జరిగి, పెద్దదాన్ని చిన్నబుచ్చకూడదని మెల్లగా చెప్పింది. "మంచిగనే పాడిన్రు ఆంటీ. కని గామె లెక్క ఎవ్వలు పాడలేరు. గామె గొంతే వేరు."

ఆమె ముఖం చూశాను. అందులో కల్లాకపటం ఏమీ లేదు.

"అవును బిడ్డా" అన్నాను. "ఆమె మంచిగ పాడింది."